సముద్రంలో పరీక్ష ముందు, క్లియరెన్స్ ఆఖర్న

ప్రశ్న: మా 36 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవను ఎనిమిది నెలల క్రితం ఒక విదేశీ రేవులో, బోట్‌యార్డ్‌లో ఒడ్డుకెక్కించి వచ్చాం. వచ్చే నెల ముగ్గురం విమానంలో వెళ్లి, దాన్ని నీళ్లలోకి దించి, అక్కడికి 600 నాటికల్ మైళ్ల దూరంలో ఉన్న మరో దేశానికి తీసుకెళ్లాలి. యార్డ్‌లో పనికి పది రోజులు పెట్టుకున్నాం. అవతలి దేశం నుంచి తిరుగు టికెట్లు కూడా కొనేశాం. ఆఖరి రోజు హడావిడి ఉండకుండా క్లియరెన్స్ కాగితాలు (పడవ దేశం విడిచి వెళ్లడానికి అధికారులిచ్చే అనుమతి) మూడు రోజుల ముందే తీసేసుకోమని ఏజెంటు అంటున్నాడు. ఏది ముందు చెయ్యాలి, ఏది వెనక? సమయం చాలకపోతే దేన్ని వదిలేయవచ్చు, దేన్ని వదలకూడదు?

సమాధానం: ముందు ఏజెంటు మాట సంగతి. క్లియరెన్స్ మూడు రోజుల ముందు తీసుకోవద్దు. పాస్‌పోర్టుల మీద దేశం విడిచే ముద్ర పడి, పోర్ట్ క్లియరెన్స్ కాగితం చేతికొచ్చిన క్షణం నుంచి గడువు నడవడం మొదలవుతుంది. చాలాచోట్ల అది 24 గంటలు. కొన్నిచోట్ల 48, 72 గంటలు ఇస్తారు, కొన్నిచోట్ల వెంటనే కదలమంటారు. ఆ లోపు గాలి ఎదురు తిరిగినా, ఒక పంపు పాడైనా మీకు మిగిలేవి రెండే దారులు. ఆఫీసులన్నీ మళ్లీ తిరిగి, రుసుము కట్టి క్లియరెన్స్ రద్దు చేయించుకోవాలి. లేదంటే వెళ్లకూడని వాతావరణంలో బయల్దేరాలి. పది రోజులు యార్డ్‌లో కష్టపడి అలసిపోయినవాళ్లకు ఆ రెండోదే సులువుగా కనిపిస్తుంది. అందుకే క్లియరెన్స్ అన్నిటికన్నా ఆఖర్న ఉండాలి. ఒడ్డు మీద పని, నీళ్లలోకి దించడం, సముద్రంలో పరీక్ష, సరుకులు, వాతావరణం చూసి నిర్ణయం, ఆ తర్వాతే ముద్ర. అదయ్యాక కొద్ది గంటల్లో బయల్దేరాలి.

విమాన టికెట్లు కూడా ఇలాంటి ఒత్తిడే పెడతాయి. లెక్క చూడండి: 600 మైళ్లు సగటున 5 నాట్లతో (గంటకు 5 నాటికల్ మైళ్లు) 120 గంటలు, అంటే సరిగ్గా ఐదు రోజులు. సగటు 4.5కు తగ్గితే 133 గంటలు, 5.5కు పెరిగితే 109. అర నాటు అటూ ఇటూ అయితేనే చేరే సమయంలో ఒక పూర్తి రోజు తేడా వస్తోంది. దీనికి వాతావరణం కోసం నాలుగైదు రోజులు కాచుకోవడం, అవతల పడవను అప్పగించే రెండు మూడు రోజులు కలపండి. టికెట్టు తేదీ మార్చుకోగలిగేదైతే సరే. కాకపోతే ఆ డబ్బు పోయినట్టే అనుకుని ఇప్పుడే మనసు స్థిమితపరచుకోండి. పడవ మీద ఉన్నప్పుడు ఆ తేదీ ప్రస్తావన రాకూడదు.

పది రోజుల్లో మొదటి రెండు రోజులు ఏదీ బాగుచెయ్యకండి, అన్నీ విప్పి చూడండి. మొదటి రోజు నుంచే ఒక మూల పట్టుకుని బాగుచేసుకుంటూ పోతే ఎనిమిదో రోజున కొత్త లోపం బయటపడుతుంది, దానికి కావలసిన భాగం రావడానికి వారం పడుతుంది. రెండో రోజు సాయంత్రానికి తెప్పించాల్సిన వస్తువుల జాబితా తయారు కావాలి. విదేశీ పడవల కోసం వచ్చే విడిభాగాలకు చాలా దేశాలు దిగుమతి సుంకం మినహాయిస్తాయి. అయితే పార్సిల్ మీద పడవ పేరుతో పాటు 'యాట్ ఇన్ ట్రాన్సిట్' అని రాసి ఉండాలి, పడవ రిజిస్ట్రేషన్ నకలు చూపాలి. అక్కడి పద్ధతి ఏమిటో యార్డ్ ఆఫీసులో ముందే అడగండి. లైఫ్‌రాఫ్ట్ (పడవ మునిగితే ఎక్కే తెప్ప) సర్వీసుకు గడువు దగ్గరపడి ఉంటే దాన్నీ మొదటి రోజే పంపించండి. తిరిగి రావడానికి చాలా రోజులు పట్టే వస్తువు అదే.

ఇక వదలకూడనివి. మొదట పడవను ముంచగలిగేవి, ఆ తర్వాత నడి సముద్రంలో ఆపేసేవి. మిగతావన్నీ వీటి వెనకే.

ముంచగలిగే వాటిలో మొదటివి పొట్టుకు, అంటే పడవ బయటి గోడకు, వేసిన కన్నాలు. ఇంజన్ చల్లబరిచే నీరు, సింక్, టాయిలెట్, కాక్‌పిట్ నీరు పోయే గొట్టాలు కలిపి ఈ సైజు పడవకు ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉంటాయి. ప్రతి సీకాక్‌నూ (ఆ కన్నాన్ని మూసే కుళాయి) పూర్తిగా మూసి తెరవండి. బిగుసుకుపోయినదాన్ని పైపుతో లివరు వేసి తిప్పొద్దు, ఊడి చేతికొస్తుంది. పడవ ఒడ్డు మీదుండగానే విప్పి, గ్రీజు పెట్టి బిగించండి. ఫిట్టింగ్ మీద ఒకచోట గీకి రంగు చూడండి. కంచు పసుపు గోధుమ రంగులో ఉంటుంది. గులాబీ రంగు తేలితే అది ఇత్తడి, అందులోని జింక్ సముద్రపు నీటికి కరిగిపోయి రాగి మాత్రం గుల్లగా మిగిలిందని అర్థం. చిన్న సుత్తితో తడితే ఖంగుమనాలి. మొద్దుగా పలికితే మార్చాల్సిందే, ఎంత ఆలస్యమైనా సరే. గొట్టం బిగించే చోట స్టెయిన్‌లెస్ క్లాంపులు రెండేసి ఉండాలి. వాటి పట్టీ పైకి మెరుస్తున్నా మర అడుగున తుప్పు పట్టి ఉంటుంది, అద్దం పెట్టి చూడండి. ప్రతి సీకాక్ పక్కన దాని సైజుకు తగిన మెత్తని కొయ్య బిరడా ఒకటి దారంతో కట్టి ఉంచండి. అన్నీ ఒకే సంచిలో వేస్తే చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో ఆ సంచి దొరకదు.

చుక్కాని అంచు పట్టుకుని పక్కలకూ పైకీ ఊపండి. కొద్దిగా కదలడం మామూలే, టకటకమని కొట్టుకుంటే బేరింగ్ అరిగింది. చుక్కాని అడుగు నుంచి తుప్పు రంగు నీరు కారిన చారలుంటే లోపలి ఉక్కు చట్రం తడిసింది, యార్డ్‌లో తెలిసినవాళ్లకు చూపించాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌నూ అలాగే ఊపి చూడండి. జింక్ ఆనోడ్‌లు సగానికి తగ్గితే కొత్తవి వెయ్యండి, వాటి మీద రంగు పడనివ్వకండి. రంగు పూస్తే ఆనోడ్ పనిచెయ్యదు, దాని బదులు షాఫ్ట్ తినేయబడుతుంది. వీల్ స్టీరింగ్ అయితే వెనక లాకరులోకి దూరి కేబుళ్లు, కప్పీలు, క్వాడ్రంట్ (కేబుళ్లు లాగితే చుక్కానిని తిప్పే చట్రం) బోల్టులు చూడండి. కేబుల్ మీద గుడ్డముక్క పట్టుకుని లాగితే తెగిన తీగ దానికి తగులుకుంటుంది. అత్యవసర టిల్లరును (వీల్ పనిచెయ్యకపోతే చుక్కానిని తిప్పే చేతికర్ర) ఇప్పుడే బిగించి చూడండి. చాలా పడవల్లో దాని పిడి కాక్‌పిట్ కుర్చీకో, వీల్ స్తంభానికో అడ్డం తగులుతుంది. ఆ సంగతి తెలియాల్సింది యార్డ్‌లోనే.

క్రేన్ పట్టీల్లో పడవ నీళ్లను తాకగానే ఆపరేటరును ఆగమనండి, పట్టీలు వదలనివ్వకండి. ఒకరు పైన ఉండాలి, ఇద్దరు లోపల నేల పలకలెత్తి ప్రతి కన్నాన్నీ చేత్తో తడిమి చూడాలి. షాఫ్ట్ వెంట నీరు లోపలికి రాకుండా ఆపే సీలు బెలోస్ రకమైతే (మడతల రబ్బరు గొట్టం ఉన్నది) ఆ రబ్బరును వెనక్కి నొక్కి లోపల ఇరుక్కున్న గాలిని వదిలించాలి, సన్నగా నీళ్లు చిమ్మాలి. అది చెయ్యకపోతే సీలు పొడిగా తిరిగి మొదటి గంటలోనే కాలిపోతుంది. షాఫ్ట్ చుట్టూ తాడులాంటి ప్యాకింగును బిగించే పాతకాలపు ప్యాకింగ్ గ్లాండ్ అయితే షాఫ్ట్ తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి, ఆగితే చుక్కలూ ఆగాలి. ఒక్క చుక్కా పడకుండా బిగిస్తే వేడెక్కి షాఫ్ట్‌కే గాడి పడుతుంది. పది పదిహేను నిమిషాలు చూశాకే పట్టీలు వదలమనండి. యార్డ్‌వాళ్లకు తొందర ఉంటుంది. మర్యాదగా చెప్పండి, కానీ ఒప్పుకోకండి.

ఇంజన్ నడి సముద్రంలో ఆగిపోతే కారణం ఎక్కువసార్లు డీజిల్‌లోనే ఉంటుంది. ఎనిమిది నెలలు నిలిచిన ట్యాంకులో తేమ చెమ్మగిల్లి నీరు అడుక్కి చేరుతుంది, డీజిల్‌కూ నీటికీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. రేవులో కదలకుండా ఉన్నంతసేపూ ఇంజన్ చక్కగా తిరుగుతుంది. అలల్లో ట్యాంకు కుదుపుకు ఆ జిగురంతా లేచి ఫిల్టరును పూడ్చేస్తుంది, అదీ రేవు నోట్లో, ఇంజన్ మీదే ఆధారపడ్డ సమయంలో. కాబట్టి ట్యాంకు అడుగునుంచి చేతి పంపుతో రెండు లీటర్లు లాగి గాజు సీసాలో పోసి గంటసేపు కదల్చకుండా ఉంచండి. అడుగున నీటి పొర, దాని మీద నల్లటి తెట్టు కనిపిస్తే ట్యాంకు మూత విప్పి కడగాలి. కేవలం మందు పోస్తే చచ్చిన సూక్ష్మజీవులు కూడా ఫిల్టర్లోకే వచ్చి చేరతాయి. ఆ మందు కడిగిన ట్యాంకుకు వెయ్యాల్సింది.

ట్యాంకుకూ ఇంజన్‌కూ మధ్య ఉండే ముందు ఫిల్టరుకు 10 మైక్రాన్ల ఎలిమెంట్లు కనీసం నాలుగు, ఇంజన్ మీది సన్న ఫిల్టర్లు రెండు వెంట ఉండాలి. మార్చడం ముగ్గురికీ రావాలి, డీజిల్ దారిలో చేరిన గాలి తీయడం కూడా. వరస ట్యాంకు వైపు నుంచి: ముందు ఫిల్టరు, లిఫ్ట్ పంపు, ఇంజన్ ఫిల్టరు, ఇంజెక్షన్ పంపు, ఆ తర్వాతే ఇంజెక్టర్లు. రేవులో ఒకసారి కావాలని డీజిల్ కుళాయి కట్టేసి ఇంజన్ ఆగేదాకా నడిపి, మళ్లీ గాలి తీసి స్టార్ట్ చెయ్యండి. మొదటిసారి అరగంట పట్టినా ఫర్వాలేదు, రెండోసారి పది నిమిషాలే పడుతుంది.

చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరు (నీటిని తోసే రెక్కల చక్రం) ఎనిమిది నెలలు ఒకే వంపులో ఉండి బిగుసుకుపోతుంది. ఎలా కనిపించినా మార్చెయ్యండి, రెండు అదనంగా ఉంచుకోండి. పాతదానికి రెక్క ఒకటి విరిగి ఉంటే ఆ ముక్కను వెతికి తీసేదాకా పని అయినట్టు కాదు. అది హీట్ ఎక్స్ఛేంజరులో అడ్డుపడి ఇంజన్‌ను వేడెక్కిస్తుంది. ఇంకో హెచ్చరిక. చాలా రోజులు ఆగిన ఇంజన్ ఒక పట్టాన అందుకోదు, పదేపదే స్టార్టరు నొక్కుతారు. నొక్కినప్పుడల్లా పంపు సముద్రపు నీటిని ఎగ్జాస్ట్ పెట్టెలోకి తోస్తుంది, దాన్ని బయటికి నెట్టే పొగ మాత్రం ఉండదు. పెట్టె నిండి ఆ ఉప్పునీరు వెనక్కి సిలిండర్లలోకి పోతే ఇంజన్ పోయినట్టే. మూడో ప్రయత్నానికి ఇంజన్ నీటి సీకాక్ మూసెయ్యండి, ఇంజన్ అందుకున్న మరుక్షణం తెరవండి. తెరవడం మరిచిపోకుండా ఆ పని ఒక మనిషికే అప్పగించండి. తర్వాత పడవ వెనక చూస్తే ఎగ్జాస్ట్‌తో పాటు నీళ్లు ఉమ్ముతూ రావాలి.

ఇంధనం లెక్క: 30 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ మధ్యస్థ వేగంలో గంటకు సుమారు 2.5 నుంచి 3 లీటర్లు తాగుతుంది. 150 లీటర్ల ట్యాంకులో అడుగు 20 శాతం లెక్కలోకి తీసుకోకుండా 120 లీటర్లు అనుకోండి. అంటే 40 నుంచి 48 గంటలు, 5 నాట్లతో 200 నుంచి 240 మైళ్లు. 600 మైళ్ల దారిలో గాలి పడిపోతే ఇంజన్ మీద గట్టెక్కే పరిస్థితి లేదన్నమాట. జెర్రీక్యాన్లలో 60 లీటర్లు కలిపినా చివరి 50 మైళ్లకు సరిపడా ఎప్పుడూ మిగిల్చుకోవాలి. క్యాన్లలోంచి పోసేటప్పుడు వడగట్టే గరాటు వాడండి.

మాస్ట్ పైకి ఎక్కక తప్పదు. కుర్చీకి రెండు హేలియార్డులు (తెరచాప పైకి లాగే తాళ్లు), మోసేది ఒకటి, జాగ్రత్తకు ఒకటి. పైన ఫోర్‌స్టే (మాస్ట్‌ను ముందువైపు పట్టి ఉంచే స్టీలు తీగ) పిన్ను, దానికి అడ్డం వేసే కాటర్ పిన్ను, కప్పీల చక్రాలు, హేలియార్డు ఒరుసుకునే చోటు చూడండి. స్టీలు తీగలు తెగడం ఎక్కువగా ఫిట్టింగులోకి దూరే మొదట్లోనే, అదీ డెక్ వైపు చివర, ఎందుకంటే ఉప్పునీరు కిందికి జారి అక్కడ నిలుస్తుంది. 19 పోగుల తీగలో ఒక్క పోగు తెగినా ఆ స్టేను మార్చాలి. తీగలను బిగించే టర్న్‌బకిల్స్ అన్నిటికీ పిన్నులు వేసి, పిన్నుల కొసలు కొద్దిగా విడదీసి, తెరచాప చిరగకుండా టేపు చుట్టండి. ముందు తెరచాప చుట్టే ఫర్లరు పట్టేసినట్టుంటే వించ్ పెట్టి లాగొద్దు. పైన హేలియార్డు ఫోర్‌స్టే చుట్టూ మెలిపడి ఉండవచ్చు, బలవంతం చేస్తే ఫోర్‌స్టేనే పోగులు విప్పుకుంటుంది. తెరచాప బట్టకన్నా ముందు ఎండకు చచ్చేది కుట్టుదారం. ఎండ తగిలే అంచున గోటితో గట్టిగా గీకండి, దారం పొడిగా తెగితే ఆ కుట్టంతా మళ్లీ వేయించాలి. రీఫు అంటే గాలి పెరిగినప్పుడు తెరచాపను కొంత మడిచి తగ్గించడం; రెండో రీఫు, మూడో రీఫు తాళ్లు వేసే ఉన్నాయో లేదో చూసుకోండి.

బ్యాటరీలు లెడ్ రకమైతే ఛార్జింగ్ తీసేసి రాత్రంతా ఉంచాక 12.7 వోల్టులు ఉంటే నిండు, 12.2 ఉంటే సగం. లోడు పడ్డప్పుడు ఏమవుతుందో కూడా చూడాలి. స్టార్టరు తిరిగేటప్పుడు 10 వోల్టుల కిందికి పడిపోయేది నమ్మదగిన బ్యాటరీ కాదు. ఆటోపైలట్, ఫ్రిజ్, ప్లాటరు (దారి చూపే ఎలక్ట్రానిక్ పటం), ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలను చూపే పరికరం), దీపాలు కలిపి ఇలాంటి పడవకు రోజుకు సుమారు 100 నుంచి 150 ఆంపియర్ అవర్లు కావాలి. లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే. తేడా వస్తే మొదట ఫ్రిజ్ ఆపెయ్యడమే, ఐదు రోజుల ప్రయాణానికి అది లేకపోయినా జరిగిపోతుంది.

ఇప్పుడు సముద్రంలో పరీక్ష. దీన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ వదలకండి. సమయం చాలకపోతే పాలిష్, కుషన్లు, డెక్ కడగడం, రెండో ఫ్రిజ్, పాడైన మ్యూజిక్ సిస్టమ్ అన్నీ వదిలేసి ఈ ఒక్క రోజును కాపాడుకోండి. రేవు హద్దులు దాటి లంగరు వెయ్యడానికి కొన్ని దేశాల్లో అనుమతి కావాలి, పోర్ట్ ఆఫీసులో అడిగి వెళ్లండి. ఉదయం బయటికెళ్లి నాలుగు గంటలు గాలికి ఎదురుగా తెరచాపల మీద నడపండి. పక్కకు వాలి పరిగెత్తినప్పుడే దాగున్న లోపాలన్నీ బయటికొస్తాయి: కిటికీ కారడం, ట్యాంకు మూత లీకు, లాకరులోంచి జారిపడే సామాను, సింక్‌లోంచి వెనక్కి తన్నే నీరు. మూడు రీఫులూ వేసి తియ్యండి. గంటసేపు ఇంజన్‌ను గరిష్ఠ వేగానికి దగ్గరగా నడిపి ఉష్ణోగ్రత చూడండి. వేగం అందుకోకపోతే ప్రొపెల్లరు మీద గుల్లలు పట్టి ఉండవచ్చు. ఆటోపైలట్ దిక్సూచి దగ్గర డబ్బాల ఆహారమో పనిముట్ల పెట్టో సర్దితే దిక్కు తప్పుగా చూపిస్తుంది, అందుకని సామాను సర్దిన తర్వాతే దాన్ని సరిచూడండి. రాత్రి లంగరు వేసి అక్కడే పడుకోండి, దీపాలన్నీ వేసి చూడండి. మర్నాడు పొద్దున బిల్జ్‌లో (నేల పలకల కింద నీరు చేరే పడవ అడుగు) నీరుందా, ఉంటే ఉప్పగా ఉందా చప్పగా ఉందా అన్నది నాలుక మీద వేసుకుంటే తెలుస్తుంది. దీనికి ముందే బిల్జ్ శుభ్రంగా కడిగి ఆరబెట్టి ఉండాలి. మురికి బిల్జ్‌లో లీకు ఎక్కణ్ణించో కనిపెట్టలేరు, పైగా వెంట్రుకలూ చెక్కపొట్టూ పంపు నోటిని మూసేస్తాయి.

ప్రాణరక్షణ సామగ్రిలో తేదీలే ముఖ్యం. లైఫ్‌రాఫ్ట్ సర్వీసు, దాన్ని నీటి ఒత్తిడికి విడిపించే హైడ్రోస్టాటిక్ పరికరం (రెండేళ్లకోసారి మార్చాలి), ఎపిర్బ్ (ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరం) బ్యాటరీ, సిగ్నల్ జ్వాలలు, లైఫ్‌జాకెట్ల గ్యాస్ సిలిండర్లు, వాటి ఫైరింగ్ హెడ్లు. సిలిండరును తక్కెడ మీద పెట్టండి, దాని మీద ముద్రించిన బరువుకు తగ్గితే గ్యాస్ కారిపోయింది. ఎపిర్బ్ పడవ ఏ దేశపు జెండా కిందుందో ఆ దేశంలో మీ పేరున రిజిస్టరై ఉండాలి, అందులో ఇచ్చిన ఫోను నంబరు ఎత్తే మనిషి ఒడ్డున ఉండాలి. సిగ్నల్ జ్వాలలను విమానంలో అనుమతించరు, అక్కడే కొనాలి. గ్యాస్ సిలిండర్ల విషయం విమాన సంస్థను ముందే అడగండి.

వంట గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే బిల్జ్‌లో చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూసి చూడండి. సిలిండరు కుళాయి ఒక్కో దేశంలో ఒక్కో రకం, కాబట్టి నింపించుకోవడం మొదటి వారంలోనే పెట్టుకోండి. నీళ్లు ముగ్గురికి రోజుకు 4 లీటర్ల చొప్పున ఐదు రోజులకు 60, ఆలస్యానికి రెట్టింపు చేసి 120. ఇది తాగడానికీ వంటకూ మాత్రమే. ఇందులో 20 లీటర్లు ట్యాంకుతో సంబంధం లేకుండా మూత బిగించిన క్యాన్లలో ఉండాలి. అట్టపెట్టెలు పడవలోకి రానివ్వకండి, వాటి మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. మొదటి రెండు రోజుల భోజనం రేవులోనే వండి పెట్టుకోండి, అలల్లో వంటగది జోలికి పోవాలనిపించదు. పచ్చి కూరగాయలు, పళ్లు, మాంసం, తేనె అవతలి దేశపు క్వారంటైన్ వాళ్లు తీసేసుకునే అవకాశం ఉంది, చేరేనాటికి అయిపోయేంతే కొనండి. సముద్రం పడని వాళ్లుంటే మాత్ర బయల్దేరే ముందు రాత్రే మొదలుపెట్టాలి. కడుపు తిప్పాక వేసుకున్నది లోపల నిలవదు. ఆ మాత్ర మీ ఒంటికి పడుతుందో లేదో ముందే ఒడ్డున వేసుకుని చూసుకోండి.

కాగితాల విషయంలో పడవ గడువు వేరు, మనుషుల గడువు వేరు. ఉదాహరణకు ఐరోపా సమాఖ్యలో బయటి పడవ పన్ను లేకుండా 18 నెలలు ఉండవచ్చు, షెంగెన్ వీసా మనిషి మాత్రం ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. ఒడ్డుకెక్కించిన పడవను కొన్ని దేశాలు కస్టమ్స్ బాండులో, అంటే కస్టమ్స్ అధికారుల అదుపులో, పెడతాయి, దాన్ని విడిపించుకోనిదే నీళ్లలోకి దించనివ్వరు. ఈ ప్రశ్న యార్డ్‌కు ఈ వారమే రాయండి. మీరు వెళ్లేది ఒకవైపు టికెట్టుతో కాబట్టి చెక్-ఇన్ దగ్గర ఆపవచ్చు. పడవ రిజిస్ట్రేషన్, మీ ముగ్గురి పేర్లతో కెప్టెన్ సంతకం చేసిన లేఖ, యార్డ్ ఇచ్చిన పత్రం చేతిలో ఉంచుకోండి. అవతలి దేశపు వీసా సముద్రమార్గాన, సొంత పడవలో చేరినా చెల్లుతుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. అమెరికా వీసా మినహాయింపు పథకం సొంత పడవలో వచ్చేవాళ్లకు వర్తించదు. చాలా ఈ-వీసాలు పేర్కొన్న రేవుల్లోనే చెల్లుతాయి. ముందస్తు సమాచారం గడువులూ చూసుకోండి. ఆస్ట్రేలియాకు కనీసం 12 గంటల ముందు తెలియజేయాలి. న్యూజిలాండ్ అయితే పడవ అడుగు శుభ్రంగా ఉందని రుజువు కూడా అడుగుతుంది. మీరు వెళ్లే దేశం ఇవే అడక్కపోవచ్చు, కానీ ఏదో ఒకటి అడుగుతుంది. సిబ్బంది జాబితా ఆరు నకళ్లు తీసి ఉంచండి. జాబితాలో పేరున్నవాళ్లలో ఎవరైనా మనసు మార్చుకుని విమానంలో పోతే, క్లియరెన్స్‌కు ముందే ఆ పేరు తీయించాలి, లేకపోతే ఆ మనిషి లెక్క కెప్టెన్ మెడకు చుట్టుకుంటుంది. అవతల ఆఫీసర్లు మొట్టమొదట అడిగేది మీరు వదిలిన రేవు ఇచ్చిన క్లియరెన్స్ అసలు కాగితం. అందులో పడవ పేరు, గమ్యస్థానం స్పెల్లింగు కౌంటరు దగ్గరే సరిచూసుకోండి. శనాదివారాల్లో ఆఫీసులు మూసి ఉంటాయి, తెరిచినా అదనపు రుసుము. వాతావరణం ఆదివారం అనుకూలమైతే శుక్రవారం మధ్యాహ్నమే నిర్ణయం తీసుకోవాల్సి రావచ్చు. శుక్రవారం ఇచ్చే గడువు ఆదివారం దాకా సరిపోతుందో లేదో ముందే కనుక్కోండి.

ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలి? అంచనాలో మొదటి మూడు రోజులు నమ్మదగ్గవి, నాలుగు ఐదు రోజులవి ధోరణి మాత్రమే చెబుతాయి. అమెరికా జీఎఫ్ఎస్, ఐరోపా ఈసీఎమ్‌డబ్ల్యూఎఫ్ వాతావరణ నమూనాలు రెండూ పక్కపక్కన పెట్టి వరసగా నాలుగు రోజులు చూడండి. రెండూ ఒకే మాట చెబుతూ రోజురోజుకూ మారకుండా ఉంటే వెళ్లవచ్చు, పరస్పరం విరుద్ధంగా ఉంటే ఆగండి. మ్యాపులో కనిపించేది సగటు గాలి, జల్లుల్లో అది 30 నుంచి 40 శాతం పెరుగుతుంది. చాలా రోజుల తర్వాత సముద్రంలోకి వెళ్తున్న ముగ్గురికి మా సలహా: మొదటి 48 గంటల్లో ముందు నుంచి 20 నాట్లకు మించి గాలి ఉంటే వద్దు. వెనక నుంచో పక్క నుంచో 15 నుంచి 20 అయితే అంతకన్నా మంచి సమయం దొరకదు. గాలి తగ్గినా పాత అలలు ఒకటి రెండు రోజులు ఉంటాయి, అలల ఎత్తుతో పాటు అల అలకూ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. రేవు నోట్లో పోటుపాట్ల ప్రవాహానికి గాలి ఎదురైతే అలలు పొట్టిగా నిటారుగా లేస్తాయి, ప్రవాహం నిలిచే వేళకు బయటపడేలా లెక్క వేసుకోండి. అవతల కొత్త రేవులోకి చీకట్లో వెళ్లకండి. ముందు చెప్పిన లెక్క ప్రకారం చేరే గంట ముందే తెలియదు కాబట్టి, రాత్రికి చేరేటట్టయితే తీరానికి 20 మైళ్ల అవతల తెరచాపలు తగ్గించి తెల్లవారేదాకా ఆగాలని ఇప్పుడే ముగ్గురూ అనుకోండి.

క్లియరెన్స్ తీసుకునే రోజు ఉదయం డైవింగ్ అద్దాలు పెట్టుకుని ఒకరు పడవ కిందికి దిగి ప్రొపెల్లరు, నీరు లాగే కన్నాలు, వేగం కొలిచే చక్రం చూడాలి. వెచ్చని రేవులో రెండు వారాలుంటే చాలు, గుల్లలు పట్టేస్తాయి. రబ్బరు పడవను గాలి తీసి మడిచి డెక్ మీద కట్టండి, దాని ఇంజన్‌ను రెయిలింగుకు బిగించండి. లంగరును రెండు చోట్ల కట్టి, గొలుసు లోపలికి పోయే కన్నాన్ని గుడ్డతోనో ముద్దతోనో మూసెయ్యండి. ముక్కు మీద పడే అలల నీరు ఆ కన్నంలోంచి గంటకు ఎన్నో లీటర్లు లోపలికి దిగుతుంది, తర్వాత పొట్టు కారుతోందేమోనని భయపడతారు. జాక్‌లైన్లు (డెక్ పొడవునా పరిచే పట్టీలు) కట్టి, వాటికి తగిలించుకునే ఒంటి పట్టీలు, అంటే హార్నెస్‌లు, ఎవరివి వారికి కొలత సరిచేసి ఉంచండి. ఒడ్డున ఒక మనిషికి మీ దారి, పేర్లు, ఎపిర్బ్ సంఖ్య, ఏ గంట దాటితే ఏ తీరరక్షక కేంద్రానికి ఫోను చెయ్యాలో కాగితం మీద ఇవ్వండి. ఆ గంట మరీ దగ్గరగా పెట్టకండి, అనుకున్న దానికి 24 గంటలైనా కలపండి.

మొదటి రాత్రి చీకటి పడకముందే ఒక రీఫు వెయ్యండి, గాలి తక్కువున్నా సరే. కాపలా మూడు గంటలు, నిద్ర ఆరు గంటలు చొప్పున మొదటి మధ్యాహ్నం నుంచే మొదలవ్వాలి. రాత్రి కాగానే చూద్దాంలే అనుకుంటే మొదటి రాత్రికే ముగ్గురూ అలసిపోతారు. బయటపడిన మొదటి గంటలోనూ, తర్వాత ప్రతి కాపలా మారేటప్పుడూ నేల పలకలెత్తి బిల్జ్ చూడండి.

మొదటి పన్నెండు గంటల్లో ఏదైనా పెద్ద లోపం బయటపడితే తిరిగి అదే రేవుకు రండి. ముద్ర పడింది కదా, ఇప్పుడెలా వెళ్తాం అని ముందుకు పోవద్దు. మరమ్మతు కోసం వెనక్కి రావడానికి మామూలుగా అనుమతిస్తారు. దగ్గరికి రాగానే వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్లో పోర్ట్ కంట్రోలును పిలిచి కారణం చెప్పండి, అధికారుల అనుమతి కోరే పసుపు జెండా ఎత్తండి, అధికారులు వచ్చి చెప్పేదాకా ఎవరూ ఒడ్డున కాలు పెట్టొద్దు. లోపం ఏమిటో, ఎన్ని గంటలకు, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర కనిపించిందో లాగ్‌బుక్‌లో అప్పటికప్పుడే రాసి ఉంచండి. మొదట అడిగేది అదే.